పేజ్‌మేకర్, అను ఫాంట్లు, విండోస్ 11: పాత పనిముట్టును నడపడం, పాత రాతను దక్కించుకోవడం

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ నాన్నగారు నడిపిన డీటీపీ సెంటర్‌లో 18 ఏళ్ల ఫైళ్లు ఉన్నాయి. అన్నీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 ప్రోగ్రాములో, ప్రెస్సుల్లో వాడే అను తెలుగు ఫాంట్లతో కూర్చినవే. అవి ఉన్న విండోస్ 7 కంప్యూటర్ డిస్కు కొద్దిరోజులుగా శబ్దం చేస్తోంది. కొత్తగా కొన్న కంప్యూటర్ విండోస్ 11తో వచ్చింది. అందులో పేజ్‌మేకర్ తెరుచుకుంటోంది కానీ తెలుగు టైపు కావడం లేదు. మార్చిన సెట్టింగులు ఒకసారి నిలుస్తున్నాయి, ఒకసారి నిలవడం లేదు. పాత పుస్తకాల పేజీలలో వరుసలు జరిగిపోతున్నాయి. పీడీఎఫ్ రావడం లేదు. ఒకరేమో పేజ్‌మేకర్‌ను పూర్తిగా వదిలేయమన్నారు, ఇంకొకరు పాత విండోస్ ఎక్స్‌పీ వేసుకోమన్నారు. నేను రెండు దశాబ్దాలకు పైగా ప్రెస్సుల్లో ఇదే పని చేస్తున్నాను. ఆ రెండు సలహాల్లో ఏదీ మీకు పనికిరాదని నా అభిప్రాయం.

అన్నిటికంటే ముందు డిస్కు సంగతి. శబ్దం చేసే డిస్కు మీద డీఫ్రాగ్ గానీ, చెక్‌డిస్క్ గానీ నడపవద్దు. అవి డిస్కును మొదటి నుంచి చివరి దాకా కదిలిస్తాయి, నీరసించిన డిస్కు ఆ పనిలోనే ఆగిపోవచ్చు. బయటి హార్డ్‌డిస్కు ఒకటి తెచ్చి, పని ఫైళ్లన్నీ ముందుగా దానిలోకి కాపీ చేయండి. వాటితో పాటు విండోస్ ఫోల్డరులోని ఫాంట్స్ ఫోల్డరు మొత్తం కూడా తీసుకోండి. చాలామంది ఫైళ్లు తీసుకుని ఫాంట్లు మరచిపోతారు. కొన్నేళ్ల కిందట ఒక కుటుంబం తమ పెద్దాయన వ్యాసాల సీడీ నా దగ్గరకు తెచ్చింది. ఫైళ్లన్నీ చక్కగా తెరుచుకున్నాయి. కానీ వాటిని కూర్చిన ప్రెస్సు ఎప్పుడో మూతపడింది, అక్కడ వాడిన ఫాంటు ఎక్కడా దొరకలేదు. తెర మీద కనిపించినవి అర్థం లేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు. చివరకు అచ్చు ప్రతి ముందు పెట్టుకుని మొదటి పేజీ నుంచి మళ్లీ టైపు చేయించాం. ఆ పెద్దాయన స్వయంగా చేసుకున్న చివరి దిద్దుబాట్లు ఆ సీడీలో మాత్రమే ఉన్నాయి, అవి మాకు దక్కలేదు. అందుకే ఫాంట్ల గురించి ఇంత గట్టిగా చెబుతున్నాను.

కాపీ అయ్యాక, ఆ పాత కంప్యూటర్ ఇంకా నడుస్తుండగానే, ముఖ్యమైన పుస్తకాలన్నిటికీ అందులోనే పీడీఎఫ్‌లు తీసి పెట్టండి. పేజీ ఎలా ఉండాలో సరిగ్గా చూపించగలిగేది ఇప్పుడు ఆ ఒక్క యంత్రమే. రేపు కొత్త దానిలో వరుస జరిగితే పోల్చి చూసుకోవడానికి ఆ పీడీఎఫే సాక్ష్యం.

ఇక అసలు చిక్కు ఎక్కడుందో చూద్దాం. పేజ్‌మేకర్‌ను ఆల్డస్ సంస్థ 1985లో తెచ్చింది. 1994లో ఆల్డస్ అడోబీలో కలిసిపోయింది. 7.0 వెర్షన్ 2001లో వచ్చింది. 2004లో అడోబీ దాని అభివృద్ధిని ఆపేసి, వాడుకరులను తన కొత్త పేజీ కూర్పు ప్రోగ్రాము ఇన్‌డిజైన్ వైపు మళ్లించింది. అంటే మీ పేజ్‌మేకర్ విండోస్ 98, 2000 నాటి అలవాట్లతో రాసిన ప్రోగ్రాము. అది 32-బిట్ ప్రోగ్రాము కాబట్టి 64-బిట్ విండోస్ 11 దాన్ని నడపగలుగుతోంది. విండోస్ 3.1 నాటి పేజ్‌మేకర్ 5 వంటి 16-బిట్ ప్రోగ్రాములైతే 64-బిట్ విండోస్‌లో అసలు తెరుచుకోవు. కాబట్టి మీకు ఎదురవుతున్నవి ప్రోగ్రాము చచ్చిపోయిన లక్షణాలు కావు. పాత ప్రోగ్రాము తనది అనుకున్న చోట్లకు కొత్త విండోస్ తాళాలు వేసింది. అవి ఏ తాళాలో తెలిస్తే చాలావరకు సర్దుకోవచ్చు.

తెలుగు టైపు కాకపోవడం వీటిలో అన్నిటికంటే ఎక్కువమందిని ఏడిపించేది. మీరు ఎవరో చెప్పిన ప్రకారం పేజ్‌మేకర్‌ను ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’గా పెట్టి ఉంటారని నా అనుమానం. అను స్క్రిప్ట్ మేనేజర్ వెనుక ఉండి మీరు నొక్కే మీటలను అందుకుని, వాటి బదులు తెలుగు ముక్కల సంకేతాలను పేజ్‌మేకర్‌కు అందిస్తుంది. విండోస్ విస్టా నుంచి ఒక నియమం ఉంది: తక్కువ అధికారంతో నడిచే ప్రోగ్రాము, ఎక్కువ అధికారంతో నడిచే ప్రోగ్రాము కిటికీలోని మీటలను అందుకోలేదు. పేజ్‌మేకర్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా, స్క్రిప్ట్ మేనేజర్‌ను మామూలుగా నడిపితే, మీ మీటలు మధ్యలో ఎవరికీ చిక్కకుండా నేరుగా పేజ్‌మేకర్‌కు వెళ్లిపోతాయి. తెర మీద ఇంగ్లిషు అక్షరాలే పడతాయి. రెండింటినీ మామూలుగానే నడపండి. స్క్రిప్ట్ మేనేజర్ ఒక్కటి అడ్మినిస్ట్రేటర్‌గా ఉన్నా ఫరవాలేదు కానీ, దానికి తిరగేసినట్లు మాత్రం ఉండకూడదు. ఈ అడ్మినిస్ట్రేటర్ చిట్కాను అన్ని రోగాలకూ ఒకే మందులా చెబుతారు, నాకు అది అసలు నచ్చదు. అలా నడిపిన ప్రోగ్రాములోకి ఫోల్డరు నుంచి ఫైలును లాగి వేయలేరు. నెట్‌వర్క్ డ్రైవులు కూడా అందులో తరచుగా కనిపించవు.

సెట్టింగులు కనిపించి మాయం కావడం దీని తోబుట్టువే. పేజ్‌మేకర్ తన సెట్టింగులను తాను ఉన్న ఫోల్డరులోనే రాసుకుంటుంది. అది ప్రోగ్రాం ఫైల్స్ ఫోల్డరులో ఉంటే, విండోస్ అక్కడ రాయనివ్వదు. కానీ పాత ప్రోగ్రాము ఆగిపోకూడదని, ఆ రాతను మీ యూజర్ ఖాతాలోని ‘వర్చువల్‌స్టోర్’ అనే చాటు ఫోల్డరుకు మళ్లిస్తుంది. ఒకరోజు మామూలుగా, ఇంకోరోజు అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే రెండు వేర్వేరు ప్రతులు చదువుతుంది. మీరు నిన్న మార్చింది ఈరోజు లేదనిపించేది అందుకే. దీనికి సులువైన మందు ఉంది. పేజ్‌మేకర్‌ను తీసేసి, సీ డ్రైవులో పీఎం7 అని నేరుగా ఒక ఫోల్డరు చేసి, అందులోకి ఇన్‌స్టాల్ చేయండి. అక్కడ ఆ తాళం ఉండదు.

కొన్ని అక్షరాలు మాత్రమే చెడిపోయి, డబ్బాలుగానో ప్రశ్న గుర్తులుగానో కనిపిస్తే రీజియన్ సెట్టింగు చూడండి. కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్, అందులో అడ్మినిస్ట్రేటివ్, అక్కడ ‘చేంజ్ సిస్టమ్ లోకేల్’ ఉంటుంది. అది ఇంగ్లిషు మీదే ఉండాలి, తెలుగు మీద పెట్టవద్దు. అదే పెట్టెలో కింద యూటీఎఫ్-8 గురించి ఒక టిక్కు ఉంటుంది, దాన్ని తీసేయండి. అను ఫాంట్లు యూనికోడ్‌వి, అంటే ఇప్పుడు ఫోన్లలో, ఇంటర్నెట్‌లో వాడే అక్షర సంకేత పద్ధతివి కావు. 0 నుంచి 255 వరకు ఉన్న అంకెల్లోనే తలకట్లు, గుడులు, వత్తులు అన్నీ ముక్కలు ముక్కలుగా సర్దిన ఫాంట్లు అవి. ఆ టిక్కు పెడితే 128కి పైన ఉన్న ముక్కల లెక్క తప్పుతుంది. తెలుగు పని చేస్తున్నాం కదా, తెలుగు లోకేల్ పెడితే మంచిదని అనుకోవడం సహజం. ఇక్కడ మాత్రం అదే చెడగొడుతుంది.

ఫాంట్ల గురించి ఇంకొక్క మాట. విండోస్ 10లో 2018 చివర వచ్చిన వెర్షన్ నుంచి, ఫాంటు ఫైలు తెరిచి ఇన్‌స్టాల్ నొక్కితే అది మీ ఖాతాకు మాత్రమే చేరుతుంది, విండోస్ ఫాంట్స్ ఫోల్డరులోకి వెళ్లదు. ఆ ఫోల్డరులోనే వెతికే పాత ప్రోగ్రాములకు అది కనిపించదు. పీడీఎఫ్ తయారుచేసే డిస్టిలర్ వంటి వాటిలో ‘ఫాంటు లేదు’ అనే మాట ఎక్కువగా ఇందుకే వస్తుంది. ఫైలు మీద కుడి మీట నొక్కి ‘ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్’ ఎంచుకోండి.

పేజీల్లో వరుసలు జరగడానికి కారణం ప్రింటరు అంటే మీకు వింతగా తోచవచ్చు. పేజ్‌మేకర్ ప్రతి పత్రాన్నీ ఒక ప్రింటరును దృష్టిలో పెట్టుకుని కూరుస్తుంది. డాక్యుమెంట్ సెటప్‌లో ‘కంపోజ్ టు ప్రింటర్’ అని ఉండేది అదే. విండోస్ 10 నుంచి, చివరగా వాడిన ప్రింటరునే డిఫాల్టుగా మార్చేసే సదుపాయం ఒకటి వచ్చింది. పొద్దున లేజరు ప్రింటరుకు, సాయంత్రం పీడీఎఫ్‌కు ఇస్తే డిఫాల్టు మారిపోతుంది, దానితో అక్షరాల కొలతల లెక్క మారవచ్చు. 200 పేజీల పుస్తకంలో మూడో పేజీలో ఒక మాట కింది వరుసకు దిగితే, అధ్యాయం చివరి దాకా అన్నీ దిగుతాయి. సెట్టింగ్స్‌లో ప్రింటర్ల పేజీకి వెళ్లి, డిఫాల్టును విండోస్ చూసుకునే ఆ సదుపాయాన్ని ఆపేయండి. పాత కంప్యూటర్‌లో ఏ ప్రింటరు డిఫాల్టుగా ఉండేదో రాసిపెట్టుకుని, వీలైతే ఆ డ్రైవరునే ఇక్కడా పెట్టండి.

పీడీఎఫ్ విషయానికి వస్తే, విండోస్‌తో వచ్చే ‘ప్రింట్ టు పీడీఎఫ్’ శుభలేఖ నమూనా వాట్సాప్‌లో పంపడానికి చాలు. నాలుగు రంగుల ప్లేట్లకు వెళ్లే పనికి అది పనికిరాదు. ఒక పోస్ట్‌స్క్రిప్ట్ (పేజీని ప్రింటరుకు వర్ణించే భాష) ప్రింటరును చేత్తో జోడించి, దాని పోర్టును ‘ఫైల్’ అని పెట్టి, పేజ్‌మేకర్ నుంచి దానికి ప్రింట్ ఇవ్వండి. వచ్చిన పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలును ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ఉచిత ప్రోగ్రాముతో పీడీఎఫ్‌గా మార్చవచ్చు. ఆ ప్రింటరు ఏమేమి చేయగలదో చెప్పే పీపీడీ ఫైలు పేజ్‌మేకర్‌లోని పీపీడీ4 ఫోల్డరులో కూడా ఉండాలి, లేకపోతే ప్రింట్ పెట్టెలో దాని పేరు రాదు. మీ పాత యంత్రంలో ఆ ఫోల్డరు ఉంటుంది, దాన్ని ఉన్నపళంగా తెచ్చుకోండి.

ఇన్ని సర్దుబాట్లు చేసినా, విండోస్ 11కు వచ్చే ఏదో ఒక అప్‌డేటు రేపు వీటిలో ఒకదాన్ని కదిలించవచ్చు. మీ సెంటర్‌కు రోజూ పని వస్తుంది కాబట్టి, అసలు నేను చేయమనేది వేరే ఉంది. మీ పాత విండోస్ 7 కంప్యూటర్‌ను మొత్తంగా ఎత్తి కొత్త దానిలో కూర్చోబెట్టండి. మైక్రోసాఫ్ట్ వారి డిస్క్2వీహెచ్‌డీ అనే చిన్న ప్రోగ్రాము, నడుస్తున్న కంప్యూటర్ డిస్కు మొత్తాన్ని ఒక్క ఫైలుగా చేస్తుంది. వీహెచ్‌డీఎక్స్ టిక్కు తీసేసి, మామూలు వీహెచ్‌డీగానే తీసుకోండి. కొత్త కంప్యూటర్‌లో ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాము పెట్టి, దానికి ఆ ఫైలును డిస్కుగా చూపించండి. కంప్యూటర్ ఆన్ చేస్తూనే తెరవగలిగే బయాస్ సెట్టింగుల్లో వర్చువలైజేషన్ ఆన్ అయి ఉండాలి. మొదటిసారి నీలి తెర వస్తే కంగారు పడవద్దు. వర్చువల్‌బాక్స్ సెట్టింగుల్లో డిస్కును సాటా బదులు ఐడీఈ కంట్రోలరుకు తగిలించి చూడండి, చాలాసార్లు దానితోనే లేస్తుంది. అప్పుడు మీ నాన్నగారి డెస్క్‌టాప్, ఆయన పెట్టుకున్న షార్ట్‌కట్లతో సహా, ఒక కిటికీలో కనిపిస్తుంది. అంతా సరిగా ఉన్నప్పుడు ఒక స్నాప్‌షాట్ తీసి పెట్టుకోండి. ఏదైనా చెడితే ఆ రోజుకు తిరిగి వెళ్లవచ్చు. ఒక సంగతి ముందే చెప్పాలి. పాత కంప్యూటర్‌తో వచ్చిన విండోస్ లైసెన్సు సాధారణంగా ఆ యంత్రానికే చెల్లుతుంది, కాబట్టి ఇందుకు విడి లైసెన్సు చూసుకోవాలి.

ఆ కిటికీలోని కంప్యూటర్‌కు నెట్‌వర్క్ కార్డును తీసేయండి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను. ఎక్స్‌పీకి భద్రతా మద్దతు 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో ముగిసింది. 2017 మే నెలలో వన్నాక్రై అనే పురుగు ప్రపంచమంతా పాకినప్పుడు, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది పాత ఫైల్ షేరింగ్ పద్ధతి, అంటే ఎస్‌ఎంబీ1లోని లోపం మీదుగా వచ్చింది. అందుకే కొత్త విండోస్‌లో ఆ పద్ధతి ముందుగా ఆపివేసి ఉంటుంది. ఎక్స్‌పీ యంత్రంలోని షేర్ ఫోల్డరు కొత్త కంప్యూటర్‌కు కనిపించకపోతే, ఎస్‌ఎంబీ1ను మళ్లీ ఆన్ చేయమని చెప్పేవాళ్లు ఉంటారు. చేయవద్దు. వర్చువల్‌బాక్స్‌లోనే షేర్డ్ ఫోల్డరు అని ఒకటి ఉంది, ఫైళ్లు అటూ ఇటూ రావడానికి అది చాలు. మీకు ఎక్స్‌పీ వేసుకోమని చెప్పినవారు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. కానీ కొత్త కంప్యూటర్ మీద నేరుగా ఎక్స్‌పీ వేస్తే దానికి డ్రైవర్లు దొరకవు, దొరికినా ఇంటర్నెట్ ముందు తలుపు తీసి పెట్టినట్లే.

ఇంటర్నెట్‌లో దొరికే ‘పేజ్‌మేకర్ + అను పూర్తి సెట్’ జిప్ ఫైళ్ల జోలికి కూడా వెళ్లవద్దు. మీ దగ్గర అసలు సీడీలున్నాయని రాశారు. అది పెద్ద అదృష్టం. సీడీ డ్రైవు ఉన్న కంప్యూటర్ దొరికిన రోజునే వాటిని ఐఎస్ఓ ఫైళ్లుగా (సీడీ మొత్తానికి నకళ్లుగా) మార్చి, సీరియల్ నంబర్లను కాగితం మీద కూడా రాసిపెట్టండి.

ఇక్కడిదాకా చెప్పింది పనిముట్టు గురించి. నన్ను నిజంగా కలవరపెట్టేది రాత గురించి. మీ నాన్నగారి ఫైళ్లలో ఉన్నది, కంప్యూటర్ దృష్టిలో, తెలుగు కాదు. అది ఒక ఫాంటు ఉంటేనే తెలుగుగా కనిపించే అంకెల వరుస. పీడీఎఫ్ తీశాక చూడటానికి ముత్యాల్లా ఉంటుంది. కానీ అందులో నుంచి ఒక వాక్యం కాపీ చేసి ఫోనులో అతికించండి, పిచ్చి గుర్తులు వస్తాయి. వెతికితే ఒక్క మాట దొరకదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటు ఉంది. కానీ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు రాదు, కాబట్టి మన ప్రాంతంలో కంపోజ్ అయిన ఎన్నో పుస్తకాలు ఇలాగే బందీలుగా ఉన్నాయి.

మార్పిడి సాధనాలు ఉన్నాయి. కానీ అవి పడే కష్టం తెలిస్తే గాని వాటి తప్పులు పట్టుకోలేం. ‘క్రి’ తీసుకోండి. అను వంటి ఫాంటులో అది ‘కి’ అనే ముక్క, దాని పక్కన రవత్తు అనే ముక్క. కంటికి కనిపించినట్లు పేర్చడమే అక్కడి పద్ధతి. యూనికోడ్‌లో మాత్రం పలికిన వరుస: క, పొల్లు, ర, ఆ తర్వాత గుడి. అంటే సాధనం ప్రతి వత్తు దగ్గరా గుడినో కొమ్మునో పీకి వెనక్కి నాటాలి. రెండు వత్తులు పడే ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ వంటి చోట్ల అది తడబడుతుంది. పైగా ముక్కల పట్టిక వెర్షన్‌ను బట్టి మారవచ్చు, ఏ ఫాంటుతో కూర్చారో సరిగ్గా తెలియాలి. మధ్యలో ఇంగ్లిషు మాటలు ఉంటే, వాటినీ తెలుగు ముక్కలే అనుకుని మార్చేస్తుంది. అందుకే పేజ్‌మేకర్ నుంచి పాఠాన్ని బయటకు తీసేటప్పుడు మామూలు టెక్స్టుగా కాకుండా ఆర్‌టీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. ఏ మాట ఏ ఫాంటులో ఉందో అందులో నిలుస్తుంది.

ఈ సాధనాలకూ ఆయుష్షు ఉంటుంది. పద్మ అని ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో తగిలించుకునే ఒక పొడిగింపు ఉండేది. పాత ఫాంట్లలో ఉన్న తెలుగు వెబ్‌సైట్లను యూనికోడ్‌గా మార్చి చూపించేది, మాలో చాలామంది దాని మీద ఆధారపడ్డాం. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చి పాత పద్ధతి పొడిగింపులన్నిటినీ ఆపేసినప్పుడు, ఆ దారి కూడా మూసుకుపోయింది. మార్పిడి చేయాలనుకుంటే ఇప్పుడే చేయండి. ప్రూఫు దిద్దగల మీ నాన్నగారు పక్కనే ఉండగా చేయండి. ఏ ‘ఘ’ ఎక్కడ ‘మ’ అయిందో ఆయన కన్ను పట్టినట్లు ఇంకెవరిదీ పట్టదు. అన్నీ మార్చనక్కరలేదు. బిల్లు పుస్తకాలు, కరపత్రాలు వదిలేయండి. మళ్లీ అచ్చయ్యే అవకాశం ఉన్న పుస్తకాలు, ఊరి చరిత్రలు, ఇంకెక్కడా ప్రతి లేనివి ముందు తీయండి.

పేజ్‌మేకర్ ఫైలును నేరుగా వేరే ప్రోగ్రాములో తెరవడం గురించి అడిగారు. ఇన్‌డిజైన్ సీఎస్6 దాకా తెరిచేది, ఇప్పటి ఇన్‌డిజైన్ తెరవదు. ఉచిత ప్రోగ్రాములైన లిబ్రెఆఫీస్ డ్రా, స్క్రైబస్ తెరుస్తాయి. అయితే పేజీ ఆకారం కొంత వస్తుంది, కొంత చెదురుతుంది. పైగా ఎందులో తెరిచినా లోపల ఉన్నది అను అంకెలే. ఫైలులో ఏముందో చూసుకోవడానికి వాడండి, అచ్చుకు పంపడానికి కాదు.

కొత్తగా వచ్చే పుస్తకాలను మాత్రం యూనికోడ్‌లోనే మొదలుపెట్టండి. ఇన్‌డిజైన్ అయితే పేరాగ్రాఫ్ సెట్టింగులో ‘వరల్డ్-రెడీ’ కంపోజర్ ఎంచుకోవాలి, లేకపోతే వత్తులు విడిపోయి కనిపిస్తాయి. డబ్బు పెట్టలేమనుకుంటే స్క్రైబస్ 1.6 ఉచితం. పుస్తకం పాఠానికి మండలి, శీర్షికలకు రామభద్ర వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. అను ఫాంట్లలో ఉన్నంత వైవిధ్యం ఇంకా లేదన్నది నిజమే. శుభలేఖల పనికి మీరు కొంతకాలం ఆ కిటికీలోని పేజ్‌మేకర్‌కే వెళ్లాల్సి వస్తుంది, అందులో తప్పేమీ లేదు.

మీ నాన్నగారు ‘యాపిల్’ అనే తెలుగు మీటల అమరిక తప్ప వేరేది రాదంటున్నారని రాశారు. ఆయన్ను ప్రభుత్వ ప్రామాణిక అమరిక ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమని బలవంతపెట్టవద్దు. కీమ్యాన్ అనే ఉచిత ప్రోగ్రాములో మనకు కావలసిన మీటల అమరికను మనమే రాసుకుని, యూనికోడ్ తెలుగు వచ్చేలా చేసుకోవచ్చు. ఆయన ఏ మీటకు ఏ అక్షరం వాడతారో ఒక కాగితం మీద రాయించి, ఫోటో తీసి పెట్టండి. దానితో పాటు పాత కంప్యూటర్‌లోని స్క్రిప్ట్ మేనేజర్ వెర్షన్, ఎక్కువగా వాడిన మూడు నాలుగు ఫాంట్ల పేర్లు రాయండి. అమరిక నేను రాసి ఇస్తాను. ఈలోగా ఈ రాత్రికే ఆ డిస్కు కాపీ మొదలుపెట్టండి.